నర్సవ్వ బిడ్డ

చర్చిలో ప్రార్థన మధ్యలో ఎవరో కొంగు పట్టి లాగారు.

శారమ్మ కళ్లు తెరిచింది. ఏడాది నిండిన పాప. ఆమె మోకాలు పట్టుకుని లేచి నిలబడి, ముఖంలోకి చూసి నవ్వుతోంది.

ఎత్తుకుందామని శారమ్మ చేతులు చాపింది. అంతలోనే వెనక వరసలోంచి ఒక బక్కపలచని మనిషి వంగి, ఏమీ అనుకోవద్దన్నట్టు తల ఊపి, పాపను తీసుకుంది.

చాపిన చేతుల్ని శారమ్మ మెల్లగా ఒళ్లోకి లాక్కుంది.

ఆ మనిషి పేరు నర్సవ్వ. చెరుకు కోతకు వచ్చిన కూలీల గుంపుతో ఆ సీజనులోనే ఎడపల్లికి వచ్చింది. ఊరి బయట, చెరుకాకు కప్పిన గుడిసెల్లో ఉంటోంది. మొగుడు లేడు. పాప పేరు ఎస్తేరు.

శారమ్మ భర్త లాజరుకు బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో పని. సొంత పెంకుటిల్లు, పెరట్లో పాడి బర్రె. లేనిదల్లా ఒక్కటే. పెళ్లయి పదేళ్లు దాటినా కడుపు పండలేదు.

ఉపవాస ప్రార్థనలు అయ్యాయి. నిజామాబాద్ డాక్టరమ్మ మందులూ అయ్యాయి. దేవుడి సమయం దేవుడికి ఉంటుందని పాస్టరయ్య చెప్పినప్పుడల్లా తల ఊపేది. ఈ మధ్య అదీ మానేసింది.

ఆ ఆదివారం దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే నర్సవ్వ లేచి నిలబడింది.

"దేవుడు నన్ను మరిచిండనుకున్న. ఏండ్లకేండ్లు ఏడ్సిన. మరువలే. ఈ బిడ్డను తెచ్చి నా చేతులల్ల వెట్టిండు."

అందరూ స్తోత్రం అన్నారు. శారమ్మ పెదవి కదపలేదు.

కట్టుకునేందుకు రెండో చీర లేని మనిషి. ఇవాళ ఈ ఊరు, రేపు ఏ ఊరో. అలాంటిదానికి ఇచ్చాడు. తనేం తక్కువ చేసింది? ఇంటికొచ్చి అన్నం వారుస్తూ అదే అడిగింది లాజరును. అతను బర్రెకు గడ్డి వేసే నెపంతో బయటికి పోయాడు.

అప్పటినుంచి నర్సవ్వ పనికి పోతూ వస్తూ శారమ్మ వాకిట్లో ఆగసాగింది. మంచినీళ్లు అడిగేది. తాగినా వెంటనే పోయేది కాదు. పాపను కిందికి దించేది. అది తిన్నగా శారమ్మ దగ్గరికి పాకేది. నర్సవ్వ అరుగు మీద కూర్చుని, రెప్ప వేయకుండా ఇద్దరినీ చూసేది.

చూపించి ఏడిపించడానికే వస్తోందని శారమ్మకు అనిపించింది.

ఒకరోజు వాళ్లు రావడం చూసి తలుపు వేసుకుంది. పాప చిన్న అరచేతులతో తలుపు కొడుతోంది. శారమ్మ లోపల గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. చప్పుడు ఆగేదాకా కదల్లేదు.

సంక్రాంతి దాటాక నర్సవ్వ కడుపు ఎత్తుగా కనబడసాగింది. మళ్లీ నీళ్లోసుకుందని బోరింగు దగ్గర ఆడవాళ్లు గుసగుసలాడారు. మొగుడు లేకుండా ఎట్లా అని ఒకామె నవ్వింది. శారమ్మకు నవ్వు రాలేదు. ఒకటి చాలదా దానికి అనుకుంది. ఆ వారం నుంచి చర్చికి పోవడం మానేసింది.

కోతలు ముగింపుకొచ్చాయి. ఒక పొద్దున నర్సవ్వ పాపను చంకనేసుకుని వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. గడప పట్టుకుని నిలబడింది.

"అక్కా, నిజామాబాద్ దవాఖానకు పోతున్న. నేను మల్లొచ్చేదాక ఎస్తేరును జర నీ దగ్గర ఉంచుకో."

కాన్పుకే పోతోందనుకుంది శారమ్మ.

"కన్నదానివి నువ్వు. నువ్వే సాదుకో. నీ పిల్లలను సాదనీకి నేను జీతమున్ననా?"

నర్సవ్వ ఏదో చెప్పబోయింది. పాప ముఖం చూసి ఆగిపోయింది. "మంచిదక్కా" అని మెల్లగా వెనక్కి తిరిగింది.

ఆ వారంలోనే లాజరు పని నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే అరుగు మీద కూలబడ్డాడు. నర్సవ్వ పోయిందట. కాన్పు కాదట. కడుపులో గడ్డ. చాలా రోజులుగా పెరుగుతోందట. ఆపరేషన్ చేసినా దక్కలేదట.

శారమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని కింద పెట్టి, గుడిసెల వైపు నడిచింది. లాజరు వెనకాలే వచ్చాడు.

గుంపు పయనమైపోతోంది. గుడిసెలు ఊడదీసి బండ్లు కడుతున్నారు. గుంపులో పెద్దది భీమవ్వ, ఒక మూట మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఎస్తేరు. శారమ్మను చూడగానే పాప చేతులు చాపింది.

ఎత్తుకుంటే మెడ చుట్టేసింది. శారమ్మకు కన్నీళ్లు ఆగలేదు.

"తీస్కపో బిడ్డా" అంది భీమవ్వ. "నీ కోసమే సూస్తున్న. ఈ గడ్డ సంగతి దానికి దసరకే ఎరుక. ఇంటింటికి ఊకనే పోలే అది. బిడ్డకు తల్లిని ఎతుకుతనే తిరిగింది. ఆఖరుకు నీ పేరే చెప్పింది. దేవుని తట్టు చూసి ఏడ్సిన చేతులకే బిడ్డ ఇలువ తెలుస్తదన్నది."

శారమ్మ తల ఎత్తలేకపోయింది. తల వంచుకునే, నర్సవ్వ తోడబుట్టినవాళ్లను అడగకుండా పాపను ఎలా తీసుకుపోవాలని అడిగింది.

"వాళ్ల నెత్తురు గద అవ్వా."

బండ్ల దగ్గరివాళ్లకు వినపడకుండా భీమవ్వ గొంతు తగ్గించింది.

"ఎవ్వలకు చెప్పద్దని ఒట్టు వెట్టించుకున్నది, ఇప్పుడు చెప్తున్న. దీన్ని కన్నది పోయినేడు మా గుంపులనే కాన్పుల సచ్చిపోయిన దిక్కులేని పిల్ల. నర్సవ్వ నీ లెక్కనే బిడ్డా, పిల్లలు గాలేదని మొగుడు ఎల్లగొడితే మాతోని వచ్చింది."