చీటీలు అంటించిన రాళ్లు

ఇరవై తొమ్మిదో జవాబు పత్రంలోనూ అదే ఉంది: మూడో రాయి సున్నపురాయి. రాళ్ల మేష్టారు చిరాగ్గా కలం బల్ల మీద పడేశారు.

అది సున్నపురాయి కాదు. ఆ తప్పుడు చీటీ అంటించింది ఆయనే. పుస్తకాన్ని నమ్మకండి, నన్ను అసలే నమ్మకండి, చేత్తో పట్టుకు చూసి అప్పుడు నమ్మండని ఏడాది పొడుగునా చెప్పి, పరీక్షలో ఇలా ఒకటి కలపడం ఆయన పద్ధతి. పక్కనే ఆసిడ్ సీసా ఉంటుంది. సున్నపురాయైతే ఒక్క చుక్కకే బుసబుస పొంగాలి. పన్నెండేళ్లుగా ఆ చుక్క వేసిన మహానుభావుడు లేడు. కళ్లతో చూసింది రాయమంటే చీటీ చూసి, పుస్తకంలో కంఠతా పట్టింది దించుతారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావనైనా అడిగాడట. వీళ్లు అదీ అడగరు.

ఈసారి కూడా ఎవరూ పట్టుకోకపోతే పాఠాలు మానేసి పరీక్షల ఆఫీసులో కుర్చీ చూసుకుంటానని పొద్దున భార్యతో అన్నారు. ఆ మాట ఏటా అంటూనే ఉన్నారుగా అందావిడ. అందుకే పంతం కొద్దీ బదిలీ అడుగుతూ ఉత్తరం కూడా రాసి జేబులో పెట్టుకొచ్చారు.

ల్యాబులో ముప్పయ్యో పిల్ల ఒక్కతే మిగిలింది. గంట కొట్టి పావుగంటయినా రాళ్ల దగ్గర్నుంచి కదలదు. రాసిందేదో ఇచ్చి వెళ్లమని కసిరారు.

"ఒక చీటీ తప్పు సార్. రాస్తే మీరేమనుకుంటారోనని ఆగాను."

మేష్టారికి ప్రాణం లేచొచ్చింది. జేబులోని ఉత్తరం తీసి నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు.

"పన్నెండేళ్లు పట్టింది తల్లీ. మూడోదేగా?"

"మూడోది పొంగలేదు సార్, కాదని రాసేశాను. నేననేది పదోది. ఉల్క అని ఉంది. దీన్నిండా బుడగలే. కొలిమిలో ఇనుము కరిగాక మిగిలే చిట్టెం సార్ ఇది. మా తాత కమ్మరి, పెరట్లో ఇవి గుట్టగా పడుండేవి."

ఆయన భూతద్దం అందుకున్నారు. అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు. బుడగలే.

ఆకాశం నుంచి పడిందని ఆ రాయి చూపించే, ఇరవై ఆరేళ్ల కిందట ఆయన ఈ ఉద్యోగం సంపాదించారు.