కంచె దాటిన బ్రోకరు

అడవి ఫుట్‌బాల్ జట్టుకు ఎంపికలు జరుగుతున్నాయి. "ఆటగాళ్లను పెద్ద జట్లకు కుదిర్చే బ్రోకర్లెవరైనా కంచె దాటితే తొండంతో ఎత్తి బురదలో పడేస్తా," అని కోచ్ ఏనుగు ముందే చెప్పింది. బ్రోకరు నక్క వింటుందా? వీపుకు నంబరు కట్టుకుని, ఒప్పందం కాగితం చంకలో పెట్టుకుని, ఆటగాడిలా లోపలికి దూరింది.

"అమ్మాయీ, దీనిమీద ఒక్క డెక్క ముద్ర వెయ్యి! పెద్ద జట్టులో చేర్పిస్తా!" అంటూ నక్క, ఎంపికకొచ్చిన జింక వెంటపడింది.

జింక బంతి తన్నుకుంటూ పరుగో పరుగు. మధ్యాహ్నానికి నక్క నాలుక నేలకు తగిలింది.

ఏనుగు మురిసిపోయింది. "జింకను ఇంతసేపు వదలనివాడు వీడొక్కడే! జట్టులోకి తీసుకున్నాం. రేపట్నుంచి రోజూ మైదానం చుట్టూ యాభై చుట్లు!"

బ్రోకర్నని ఒప్పుకుంటే బురద తప్పదు. నక్క తలూపి, కాగితాన్ని చంకలో ఇంకా లోపలికి దాచుకుంది.

జింక మెల్లిగా దగ్గరికొచ్చింది. "నక్క బావా, చుట్లు తగ్గించమని నీ తరఫున నేను మాట్లాడతాగా! ఆ కాగితం తియ్యి, ముద్ర నువ్వెయ్యి."