చెన్నయ్య నల్ల బీరు

"పిట్టలు ముట్టుతలెవ్వు," అన్నాడు చెన్నయ్య తమ్ముడు బీరన్న, అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని.

తుమ్మచెట్టు మీద ఇరవై దాకా కాకులున్నాయి. కింద చెన్నయ్య సమాధి ముందు విస్తట్లో అన్నం, మటన్, బోటి కూర, పక్కన మోదుగాకు దొప్పలో కల్లు. తొమ్మిదింటికి పెట్టారు, పన్నెండవుతోంది. ఒక్క కాకీ దిగలేదు. దిగకపోతే పోయె, అరవనైనా అరవాలి కదా. ఇరవై కాకులు కిక్కురుమనకుండా కూర్చుని మనుషుల్ని చూస్తుంటే పట్టపగలే ఒళ్లు జలదరిస్తోంది.

మూడోనాడు పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్లు ఎంగిలి పడకూడదు. చెన్నయ్య భార్య బుగ్గమ్మకు షుగరు. పొలం గట్టు మీద కూర్చున్న మనిషి అప్పటికే రెండుసార్లు పక్కకు ఒరిగింది.

"అమ్మా, జర బిస్కెట్ తిను. నాయిన ఏమనుకోడు," అంది కూతురు అంజలి. తండ్రి పోయి మూడు రోజులు, ఇప్పుడు తల్లి కూడా కళ్లముందే వాడిపోతోంది.

"ఆయన ఆకలితోని ఉంటె నేనెట్ల తింట బిడ్డా? ఏదో కోరిక మిగిలింది ఆయనకు."

ఆ కోరికేమిటో అంజలికి తెలుసు. నల్ల బీరు.

అంజలి అన్న పరమేశ్ వికారాబాద్ గుట్టల దగ్గర ఒక రిసార్ట్‌లో బీరు తయారు చేస్తాడు. ఆదివారం వస్తే సీసాలు తెచ్చి, జన్మలో కల్లు తప్ప మరొకటి ఎరగని గొర్లకాపరి తండ్రికి రుచులు నేర్పడానికి కూర్చునేవాడు. చేదు బీరు తాగి "యాపాకు రసం" అన్నాడు చెన్నయ్య. పుల్లది తాగి "గిది పాడైన కల్లు, వాపస్ ఇచ్చెయ్" అన్నాడు. గోధుమ బీరు అసలే నచ్చలేదు, అందులో వేసే సంత్ర పండు ముక్క మాత్రం నచ్చింది. తన గ్లాసులోది అయిపోతే కొడుకు బీరులోకి పిండేసి పక్కన పెట్టిన ముక్కను కూడా ఎత్తుకుని తొక్కతో సహా నమిలేసేవాడు. ఇక నల్లది తాగిన రోజు గ్లాసు ఖాళీ చేసి, "మా అవ్వ కాల్చిన జొన్నరొట్టె మాడిన వాసన వస్తున్నదిరా" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆయన రుచుల పిచ్చికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. ఈసారి గింజ తక్కువ వేగిందనీ, నురుగు పలచబడిందనీ కొడుక్కే వంకలు పెట్టేవాడు.

ఇంట్లో నల్లది ఒక్క సీసా కూడా మిగల్లేదు. అందుకే విస్తరి పెట్టగానే పరమేశ్ రిసార్ట్‌కు బండి తీశాడు. పదిన్నరకు ఫోన్ చేశాడు. "సీసలు కట్టుకున్న చెల్లె, బయలెల్లిన. గంటల ఉంట." ఆ తర్వాత ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు.

"బండి మీద ఉన్నోడు ఎట్ల ఎత్తుతడు? ఊకె పరేషాన్ గాకు," అన్నాడు బీరన్న. "వదినె పడిపోయెటట్టున్నది. ఇంట్ల ఇంకేం రకం ఉన్నయో అవ్వే తే."

"అవ్వి నాయిన తాగడు, చిన్నాయినా."

"ఆకలైతె తాగుతడు, తే."

అంజలి పరుగున వెళ్లి ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ తెచ్చింది. చేదుది ఒక దొప్పలో, పుల్లది ఒక దొప్పలో, గోధుమది ఒక దొప్పలో పోసింది. అన్న నేర్పినట్టే గోధుమ బీరులో సంత్ర ముక్క వేసింది. తొందరలో సగం నురుగు నేలపాలయింది.

"అన్నా," అని సమాధివైపు చెయ్యెత్తాడు బీరన్న. "నీ కొడుకు నల్లది తెస్తున్నడు. అప్పటిదాంక గివ్విట్ల ఏదో ఒకటి ముట్టు. వదినెను సతాయించకు."

చెట్టు మీద కాకులు కదల్లేదు. కానీ అన్నీ ఒక్కసారే తలలు తిప్పి వికారాబాద్ రోడ్డువైపు చూశాయి.

అటునుంచి ఒకే ఒక్క కాకి వచ్చింది. ఒంటి నిండా దుమ్ము. వాలినప్పుడు ఒక కాలు నేలకు ఆనించలేదు. మటన్‌వైపు చూడలేదు, కల్లువైపు చూడలేదు. కుంటుకుంటూ చేదు దొప్ప దాటింది, పుల్ల దొప్ప దాటింది, గోధుమ బీరు దగ్గర ఆగింది. ముక్కుతో సంత్ర ముక్కను పైకి తీసి, దొప్ప అంచుకు రెండుసార్లు ఒత్తి, ఎడమ పక్కన పెట్టింది. ఆ తర్వాత తీరిగ్గా బీరులో ముక్కు ముంచింది.

"ముట్టింది, ముట్టింది," అంటూ బుగ్గమ్మ దగ్గరకు పరుగెత్తాడు బీరన్న. "వదినె, ఇగ లే. నీళ్లు తాగు."

బుగ్గమ్మ సమాధికి దండం పెట్టి భోరున ఏడ్చింది. ఎవరో ఆమె నోటికి గ్లాసు అందించారు. అందరి ముఖాల్లో ఒక్కసారిగా కళ వచ్చింది. అంజలి కూడా చేతులు జోడించింది. నాయిన తృప్తిగా పోయాడు, అమ్మ బతికింది, అంతే చాలనుకుంది.

కాకి ఆమెను ఒకసారి చూసి, వచ్చిన దారినే ఎగిరిపోయింది. చెట్టు మీది ఇరవై కాకులు ఇంకా దిగలేదు.

అప్పుడు మోగింది ఫోన్. తెర మీద 'అన్న' అని పడింది.

"పరమేశేనా?" బీరన్న కండువాతో ముఖం తుడుచుకుంటూ నవ్వాడు. "మీ నాయిన ముట్టిండని చెప్పు. నిమ్మలంగ రమ్మను."

అంజలి ఫోన్ ఎత్తలేకపోయింది. ఆమె చూపు దొప్ప పక్కన తొక్కతో సహా మిగిలిపోయిన సంత్ర ముక్క మీదే ఉంది. నాయినైతే దాన్ని వదిలేవాడు కాదు. రెండుసార్లు ఒత్తి, ఎడమ పక్కన పెట్టి తాగేది పరమేశ్.