చచ్చిన చీమలు

“ఈ ఉక్కలో మంకీ క్యాప్ ఏంటండీ? చూస్తుంటే నాకే చెమటలు పడుతున్నాయి.”

“చెవుల్లోకి ఫ్యాను గాలి కొడుతోందే,” అన్నాడు శ్యాంబాబు, కంప్యూటర్ మీంచి కళ్ళు తీయకుండా.

వెంకటదుర్గ కొంగుతో విసురుకుంది. పొద్దున్న తను కూరగాయలకి వెళ్ళొచ్చేసరికి మంగలిని పిలిపించుకుని గడ్డం నున్నగా గీయించుకున్నాడు. గుండె ఆపరేషనయ్యాక ఇన్నాళ్ళకి మొగుడి మొహం తేటపడింది. దాన్ని పాడుచేసే మాటేదీ ఆయన చెవిన పడకూడదు. డాక్టరుగారు మరీమరీ చెప్పారు.

తెర మీద చీమలు బారులు తీరాయి. తొంభై ఎనిమిదిలో శ్యాంబాబు, అన్నయ్య వీరాస్వామి కలిసి రామచంద్రపురంలో కంప్యూటర్ సెంటర్ పెట్టిన నాటి ఆట అది. సైనికులుండరు, ఫిరంగులుండవు. ఎవరి పుట్ట వాళ్ళది, ఎవరి చీమల దండు వాళ్ళది. చచ్చిన చీమల్ని మోసుకెళ్ళి అవతల పారేయకపోతే పుట్టకి తెగులు పడుతుంది. అన్నయ్య పిఠాపురం వెళ్ళిపోయాక కూడా రోజూ నాలుగింటికి నెట్‌లో ఆడుకుంటున్నారు.

“అన్నయ్య మారిపోయాడే. ఇన్నేళ్ళలో చచ్చిన చీమని మోసిన పాపాన పోలేదు. ఇప్పుడు యుద్ధం మానేసి ముందు వాటినే మోస్తున్నాడు.”

“పెద్దవారయ్యారు కదండీ.”

“గొంతు ఆపరేషనన్నారు. మళ్ళీ ఎప్పుడు మాట్లాడతాడంట?”

“ఇంకో నెల పడుతుందన్నారు.”

శ్యాంబాబు మళ్ళీ ఆటలో పడ్డాడు. కాసేపటికి ఓడిపోయాడు. ఈమధ్య రోజూ ఓడిపోతున్నాడు.

“రేపట్నించి ఆట వద్దని వదినకి చెప్పు. అన్నయ్యని విశ్రాంతి తీసుకోనీ.”

హమ్మయ్య అనుకుంటూ మజ్జిగ వంకతో పెరట్లోకెళ్ళి ఫోన్ చేసింది.

“అక్కా, ఇంక ఆడక్కర్లేదు. ఆయనే వద్దన్నారు. అయినా ఆ చచ్చిన చీమల్ని ఎందుకు ముట్టుకున్నావు? బావగారు అలా ఆడేవారు కాదంట. ఈయనకి అనుమానమొస్తే ఇంకేమైనా ఉందా?”

అవతల ఫోనెత్తింది తోడికోడలు ఉషారాణి. పది రోజుల క్రితం వీరాస్వామి పోయాడు. మరిది ప్రాణమైనా దక్కాలని, మైలలో ఒక గదిలో కూర్చుని, మొగుడి ఆట తను ఆడింది.

“అలా పడుంటే చూళ్ళేకపోయాను దుర్గా. వదిలెయ్యడానికి చేతులు రాలేదు.” ఏడుపు ఆపుకుంది. “ఈవేళ పదోరోజు. అందరూ ధర్మోదకాలు వదిలారు. తోడబుట్టినవాడు ఏడీ అని ఒకటే అడగడం. ఏం చెప్పను?”

వెంకటదుర్గకీ దుఃఖం పొంగుకొచ్చింది. మైల సంగతి దాచడానికి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేనని చెప్పి, పది రోజులుగా దేవుడి గది తలుపు తియ్యలేదు. దీపం చూడందే కాఫీ ముట్టని మనిషి, ఒక్కరోజూ దీపం ఏదీ అని అడగలేదు. ఆ ఒక్కటీ తన అదృష్టం అనుకుంది.

మొహం కడుక్కుని మజ్జిగ పట్టుకొచ్చింది. శ్యాంబాబు కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. మంకీ క్యాప్ చెమటకి తడిసి ముద్దయిపోయింది.

“ఏం మనిషో ఏంటో!” అనుకుంటూ, నిద్ర చెడకుండా మెల్లిగా దాన్ని లాగింది.

నున్నటి గుండు.