ఎండకు పట్టిన ఫిల్ము

మార్కాపురంలో ఛాతీ ఎక్స్‌రే చదవగలిగినోళ్ళు ఇద్దరే. ఒకరు పెద్దాసుపత్రి డాక్టరమ్మ. రెండో మనిషిని నేను.

కావాలంటే మాల్యాద్రిని అడగండి. పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు రాయి కోసినోడు. వాడు తుమ్మితే ఒకటో తరగతికి సరిపడా పలకలు రాలతాయని నవ్వుకునేవాళ్ళం.

ఆ రోజు ఎక్స్‌రే సెంటరు మెట్ల మీద కవరు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.

"ఫిల్ము తీసినాయన టీబీ మాదిరుంది అన్నాడు మామా. మనవరాల్ని అర్ధవీడు పంపించేయాల. అంజలి నా పక్కలో తప్ప పండుకోదు."

ఫిల్ము ఎండకు పట్టినా. నల్లటి ఆకాశం. పైన సన్నసన్న చుక్కలు, లెక్కలేనన్ని. చూస్తా చూస్తా ఎక్కడికో తేలిపోయినా.

"ఏం కనపడతాంది?"

"గుండె కుడిపక్కకు జరిగిందిరా."

"తిరగేసి పట్టుకున్నావు పెద్దాయనా," అన్నాడు కింది మెట్టు మీది మనిషి.

అక్కడితో నా డాక్టరీ అయిపోయింది.

బక్కమనిషి. మాటకూ మాటకూ నడుమ ఊపిరి వెతుక్కుంటున్నాడు. ఫిల్ము సరిగా తిప్పినాడు.

"ఏం పని చేస్తావన్నా?"

"పలకలు కోస్తా."

"కళ్ళె పరీక్ష చేసినారా?"

"లేదు."

"ఈ గడ్డల చుట్టూ చూడు, గుడ్డు పెంకు మాదిరి తెల్లంచు. పలక దుమ్ముకు ఇట్ల వస్తాది. దుమ్మయితే ఇంకొకరికి అంటదు. పరీక్ష మాత్రం చేయించుకో."

"నువ్వేమన్నా డాక్టరువా?" అన్నా, ఉక్రోషంగా.

నవ్వినాడు. నవ్వు సగంలో ఊపిరి అయిపోయింది. సంచిలోనుంచి ఇంకో ఫిల్ము కవరుతో సహా తీసి మాల్యాద్రి చేతిలో పెట్టినాడు.

"ఇది నాది. రెండూ పక్కపక్కన పెట్టి డాక్టరమ్మను చూడమను."

ఆ ఫిల్ములో చుక్కలన్నీ కలిసి మబ్బులైనాయి. నలుపు కొంచెమే మిగిలింది.

డాక్టరమ్మ రెండూ చూసింది. కళ్ళె పరీక్ష చేయించింది. టీబీ లేదు.

"దుమ్మే. ఇది తగ్గదు, కానీ అంటదు. ఇంక ఫ్యాక్టరీకి పోవద్దు," అంది. రెండో ఫిల్ము మూలన పేరు చదివింది. "ఈ ఏబేలు ఎవరు? ఇంత చెడిన ఊపిరితిత్తులతో మనిషి మెట్లెట్ల ఎక్కుతాడు?"

అంజలి అర్ధవీడు పోలేదు. తాత రొమ్ము మీద పండుకొని లోపలి చుక్కలు లెక్కపెడతాది.

కవరు మీద గిద్దలూరు అడ్రసుంటే ఫిల్ము ఇచ్చేదానికి పోయినాం. ఏబేలు గుమ్మంలోనే ఎదురొచ్చి, టీ తాపించి, బస్సు దాకా సాగనంపినాడు.

ఎదురు రావడం, టీ, సాగనంపడం, మూడూ నేను కల్పించినవే. మేము పోయేసరికి ఆయన పోయి పదారు రోజులు.

ఆయన భార్య రాహేలు ఫిల్ము ముట్టుకోకుండా చూసింది.

"ఎవరో టీబీ అన్నారని మా చంటిపిల్ల ఫెబీని రెండేండ్లు వాకిట్లోనుంచే చూసుకున్నాడన్నా. కాదని తెలిసి ఎత్తుకోబోతే, ఎవరో కొత్త మనిషనుకొని పిల్ల ఏడ్చింది."