రేపటి వంటిల్లు

"నవ్వావంటే ఇల్లు పోయినట్టే," అని తెలుగులో గొణిగాడు చైతన్య, ముసలావిడ వైపు పళ్ళికిలిస్తూ.

నమ్రత పెదవి కొరుక్కుంది. అమెరికాలో, అదీ ఎడిసన్‌లాంటి ఊళ్ళో, రైలు స్టేషన్‌కీ స్కూలుకీ నడిచి వెళ్ళగలిగే ఇల్లు దొరకడమంటే మాటలు కాదు. ఇప్పటికే కొన్ని ఇళ్ళు చేతిదాకా వచ్చి జారిపోయాయి. సెప్టెంబరులో పిల్లని బడిలో వెయ్యాలి. ఆమె రోట్లో అల్లం దంచినప్పుడల్లా కింది వాటా అతను చీపురుకర్రతో సీలింగ్ పొడిచే ఆ ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఏడాది ఉండమంటే ఆమె వల్ల కాదు. ఈ ఇంట్లో గదులు బాగున్నాయి, పెరడు బాగుంది, అమ్ముతున్న హేజెల్ అనే ఆవిడ కూడా మంచిదే. వచ్చిన చిక్కల్లా వంటింటితోనే.

నేలంతా ఎర్ర పసుపు గళ్ళ లినోలియం. పొయ్యి అనేదే లేదు. బల్లకి గుంటలు పెట్టి, కరెంటుతో కాగే గిన్నెలని వాటిలోకి దింపి బిగించేశారు. వండినా కడిగినా అక్కడే, వంగి. కుళాయి రావాలంటే కింద మీట తొక్కాలి. ఇల్లాలు కూర్చుని ఈ కొస నుంచి ఆ కొసకి జారడానికి పట్టాల మీద ఒక కుర్చీ.

ఈ ఘనకార్యానికి మూలమైన పత్రిక ప్రకటన గోడ మీద ఫ్రేములో వేలాడుతోంది. ముత్యాలదండ, ఎత్తుమడమల చెప్పులు వేసుకున్న ఒకావిడ ఒంటి వేలితో మీట నొక్కి వంట చేసేస్తోంది. 'ఓపిక పట్టండి, యుద్ధం గెలిచాక మీ ఇంట్లోనూ ఇదే' అని రాసుంది. ఫ్యాక్టరీలన్నీ బాంబులు చేస్తుంటే అమ్మడానికి సరుకు లేక, కంపెనీలు ఆశలు అమ్ముకున్న రోజులవి. ఆ బొమ్మ గీసినవాడు జన్మలో అన్నం వార్చి ఉండడు.

"మా వాల్టర్ ఆ కాగితాన్ని యుద్ధమంతా జేబులో పెట్టుకు తిరిగాడు. నలభై ఆరులో వచ్చి అచ్చం అలాగే తన చేత్తో కట్టాడు. ఈ ఏటికి అరవై ఏళ్ళు," అంది హేజెల్. "ఆయన పోయాక ఇల్లు అమ్ముతున్నాను. అందరూ ఒకటే రేటు ఇస్తామంటున్నారు. అందుకని ఈ గది చూసి ఎవరేమంటారో విని ఇస్తాను. మొహమాటపడకుండా చెప్పండి."

"వండర్‌ఫుల్! మ్యూజియంలో కూడా ఉండదు ఇలాంటిది," అన్నాడు చైతన్య. భార్య వైపు తిరిగి, అదే నవ్వుతో తెలుగులో, "నువ్వూ ఏదో ఒకటి అను," అన్నాడు.

అమెరికాలో తెలుగు దంపతులకి ఉన్న సుఖం ఇది. మొహాన నవ్వుంటే చాలు, ఎదుటివాళ్ళ ముందే ఏమైనా మాట్లాడుకోవచ్చు.

"ఏమనమంటావ్? ఈశాన్యంలో నిప్పు! ఫొటో చూస్తేనే మామయ్యగారు పడిపోతారు," అంది నమ్రత నవ్వుతూనే.

"కొన్నాక మొత్తం డెమాలిష్ చేయిద్దాం. గ్రానైట్, ఐలాండ్, పెద్ద చిమ్నీ, అన్నీ నీ చాయిస్. ఇప్పుడు మాత్రం పొగుడు."

హేజెల్ నమ్రత దగ్గరికి వచ్చింది. "నువ్వు చెప్పమ్మా, వండేది నువ్వేగా. ఇందులో ఏదైనా మారుస్తావా?"

ఆ చూపుకి నమ్రత తడబడింది. ఆడదానితో ఆడది నిజం చెప్పేస్తే ఏం పోతుందనిపించింది. ఇందులో పోపు ఎలా వేస్తారండీ అని నోటిదాకా వచ్చింది. చైతన్య మీట తొక్కినట్టు ఆమె కాలు తొక్కాడు.

"మార్చడమా? ఒక్క మేకు కూడా కదపం," అంది నమ్రత. అని ఊరుకోక వెళ్ళి పట్టాల కుర్చీలో కూర్చుంది. అది కీచుమంటూ జారిపోయి గోడని గుద్దుకుంది. మోకాలిచిప్ప పగిలినంత పనయింది.

"ఎంత హాయిగా ఉందో!" అంది కన్నీళ్ళు ఆపుకుంటూ.

హేజెల్ కళ్ళు కూడా చెమర్చాయి. "ఒక్క మేకు కూడానా?"

"మా మనవల కాలం దాకా ఇలాగే ఉంచుతాం," అన్నాడు చైతన్య. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతను ఏకంగా సిమెంటే పూశాడు.

ఇల్లు వచ్చేసినట్టేనని పక్క ఊరు ఐసెలిన్‌లో ఇండియన్ హోటల్‌కి వెళ్ళి దోసెలు ఆర్డర్ చేశారు. చైతన్య పేపర్ నాప్కిన్ మీద కొత్త వంటింటి ప్లాను గీశాడు. స్టవ్‌ని ఆగ్నేయానికి మార్చాడు. నమ్రత మాత్రం దోసెని ఊరికే తుంపుతూ కూర్చుంది.

"పాపం, మొగుడి గుర్తుగా దాచుకుంది. మనం పగలగొట్టామని తెలిస్తే గుండె ఆగిపోదూ?" అంది.

"ఆవిడ ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోందిగా. ఎలా తెలుస్తుంది?"

అంతలో ఫోన్ మోగింది. చైతన్య హుషారుగా స్పీకర్‌లో పెట్టాడు.

"సారీ హనీ," అంది హేజెల్. "మీ తర్వాత వచ్చినవాళ్ళకి ఇల్లు ఇచ్చేశాను."

చైతన్య దోసె వదిలేసి ఫోన్ మీదికి వంగాడు. "అదేంటండీ! మీ కిచెన్‌ని ప్రాణంలా చూసుకుంటామన్నాం కదా!"

"అందుకే ఇవ్వలేదు. ఆ గిన్నెల్లోకి వంగి వంగి నా నడుం పోయింది. వాల్టర్ చిన్నబుచ్చుకుంటాడని ఆయన ఉన్నన్నాళ్ళూ నేను అనలేకపోయాను. చూసినవాళ్ళెవరైనా అంటారేమోనని ఎదురుచూస్తే, అందరూ మీలాగే వండర్‌ఫుల్ అని పోయేవాళ్ళు. మీ తర్వాత వచ్చిన ఈ అమ్మాయి గుమ్మంలోంచే ఛీ అంది. ముందు దీన్ని సుత్తితో పగలగొట్టించాలంది. మొదటి దెబ్బ నాదైతే, ఇల్లు నీదే అన్నాను."