ఆరేసిన గొంగడి

నవనీతకు అత్త మీద ఉన్నది ఒక్కటే ఫిర్యాదు. ఆ ఇంట్లో కోడలి పేరు ‘ఓ పిల్లా’, కుక్క పేరు ‘నా బంగారం’.

పెరుగన్నం ముందు కుక్క పండుగాడికే. మిగిలితే కొడుక్కి. కోడలికి గిన్నె కడిగే భాగ్యం.

అత్త గుర్వమ్మకు నిన్న నల్లగొండ దవాఖానలో కంటి ఆపరేషన్ అయింది. ఈ సాయంత్రం పట్టీ విప్పుతారు.

“పట్టీ ఇప్పంగనే నాకు పండుగాని మొఖమే కనవడాలె. తోల్కరాండ్రి” అని ఫోన్లో హుకుం.

“కొడుకు మొఖం వద్దట, విన్నరా?” అంది నవనీత భర్తతో.

“నాది పుట్టినకాడి నుంచి చూస్తనే ఉంది గద” అన్నాడు పరమేష్.

అందుకే, దారిలో కట్టంగూర్‌లో పెండ్లి చూసుకుని అటే దవాఖానకు పోదామని, పండుగాడిని కూడా కారెక్కించారు.

ఫంక్షన్ హాల్లోకి కుక్కను రానివ్వలేదు. గోడ నీడలో కారు పెట్టి, అద్దాలు వేలెడంత దించారు.

“అక్షింతలేసి వచ్చుడే” అన్నాడు పరమేష్.

అక్షింతల దగ్గర లైను. ఫోటో దగ్గర లైను. “అప్పుడే పోతరా?” అని చుట్టాలు బగారన్నం ప్లేట్లు చేతిలో పెట్టారు.

మేడ మీద, భోజనాల దగ్గరి కిటికీలోంచి నవనీత కిందికి చూసింది. మేకలు కాసే ముసలాయన ఒకాయన తమ కారు మీద నల్ల గొంగడి పరుస్తున్నాడు.

“అగో! మన కారు మీద గొంగడి ఆరేస్తుండు.”

“గీతలు పడ్తయి, తియ్యమను” అన్నాడు పరమేష్ ముక్క కొరుకుతూ.

“ఓ తాతా! తియ్యి!” అని అరిచింది నవనీత.

ముసలాయన తలెత్తి ఏదో అన్నాడు. డీజే చప్పుడులో వినబడలేదు. కారు వైపు చేతులు తిప్పాడు.

“ఏమంటుండు?”

“ఆరిందాక ఉండనియ్యమంటుండు కావచ్చు” అన్నాడు పరమేష్.

“మంచిగుంది! ఇస్త్రీ గూడ చేసిపెడ్దమా?”

చుట్టుపక్కల వాళ్లు పకపకా నవ్వారు. నవనీతకు హుషారొచ్చింది.

“తీస్తవా, పోలీసోళ్లను పిలువాల్నా?”

పోలీసు మాట డీజేలో కూడా వినబడుతుంది. ముసలాయన గొంగడి లాగి భుజాన వేసుకున్నాడు. అక్కణ్నించి మాత్రం కదలలేదు.

నవనీత ఐస్‌క్రీం దగ్గరికి నడిచింది.

కిందికి వచ్చేసరికి గోడ నీడ ఎప్పుడో అవతలికి జరిగిపోయింది. కారు తలుపు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది.

పండుగాడు వెనక సీటు కింద పడి ఉన్నాడు. పరమేష్ ఎత్తుకుంటే మెడ వాలిపోయింది. నోట్లో పోసిన నీళ్లు పక్క నుంచి కారిపోయాయి.

“గా ముసలోడే! ఏం జేసిండో ఏమో!” నవనీత గేటు వైపు ఉరికింది. “ఏడీ, గొంగడి ముసలోడు?”

వాచ్‌మన్ జాషువా తల వంచుకున్నాడు.

“మీ కోసం గేటు కాడ బతిమిలాడిండు మేడం. కారోళ్లతోని మాట్లాడాలె, లోపలికి పంపు అన్నడు. అన్నం కోసం సాకు చెప్తుండనుకున్న.”

“కారు కాడ ఏం జేసిండు?”

“మేకలకు తెచ్చుకున్న డబ్బెడు నీళ్లు మొత్తం గొంగడి మీదనే గుమ్మరించిండు. మీరు తియ్యమన్నంక అద్దం సందు కాడ నిలవడి తువ్వాలతోని విసిరిండు. మేకలు నీళ్లకు ఒర్రుతుంటే, ఇగ వాగు దిక్కు తోల్కపోయిండు.”

నవనీత మేడ మీది కిటికీ వైపు చూసింది. అక్కడ ఇంకా ఎవరో నవ్వుతున్నారు.

పరమేష్ జేబులో ఫోన్ మోగింది. అతని చేతుల్లో పండుగాడున్నాడు. నవనీతే తీసి ఎత్తింది.

“బయల్దేరిండ్రా?” అత్త గొంతు.

“ఎండదెబ్బ తగిలిందని చెప్పు, చాలు” అని గొణిగాడు పరమేష్.

“పండుగాడు లేడత్తమ్మా. కారులనే... ఎండకు...”

అత్త గొంతు సన్నగా వినిపించింది.

“గంతమందిల ఒక్కలన్న చూడలేదానే, పిల్లా?”

“చూసిండత్తమ్మా, ఒకాయన. వానికి ఎండ తగల్కుంట తడి గొంగడి కప్పిండు. తప్పు నాదే, నేనే తీయించిన.”